తొక్కితేనే వణికే కారు

బెంగళూరు హైవే మీద జడ్చర్ల దాటాక తొంభైలో పోతుంటే స్టీరింగ్ వణకడం ఒక జబ్బు. ముందున్న వడ్ల లారీని దాటేద్దామని మూడో గేర్లో ఎక్సలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే బండి వణికి, కాలు తీయగానే కుదురుకోవడం ఇంకో జబ్బు. లోపల కూర్చున్నవాళ్లకు రెండూ ఒకటే వణుకు. బాగుచేయించే ఖర్చులో మాత్రం చాలా తేడా ఉంటుంది. మొదటిది చాలాసార్లు కొన్ని వందల్లో తేలిపోతుంది. రెండోదాన్ని వెంటనే పట్టుకుంటే ఒకటి రెండు వేలు. నెలల తరబడి అట్లాగే తిప్పితే అది పదివేలల్లోకి ఎక్కుతుంది.

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా షెడ్డుకు వెళ్లి "అన్నా, బండి గుంజుతలేదు, కొడ్తున్నది" అంటే మంచి మెకానిక్ అడిగే మొదటి మాట "ఎప్పుడు కొడ్తున్నది?" ఆ ప్రశ్నకు మన దగ్గర సరైన జవాబుంటే సగం పని అయినట్టే. లేకపోతే ముందు ప్లగ్గులు, తర్వాత కాయిళ్లు, ఆ తర్వాత పెట్రోల్ పంపు అంటూ ఒక్కోటీ మార్చుకుంటూ పోవాల్సి వస్తుంది. బిల్లు పెరుగుతుంది, వణుకు అట్లాగే ఉంటుంది. అందుకే ఏ పార్టూ కొనకముందు వణుకును లెక్కపెట్టమని చెబుతాను. దానికి మీటర్లేమీ అక్కర్లేదు. కొంచెం గమనిక చాలు.

చక్రం లెక్కతో మొదలుపెడదాం. చిన్న కారు టైరు చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 12 సార్లు తిరుగుతుంది. 100లో అయితే 15 సార్లు. చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైతే వణుకు సరిగ్గా ఆ లెక్కలోనే వస్తుంది. నాలుగు పది రూపాయల బిళ్లలు కలిపితే 30 గ్రాములు. రిమ్ములో ఒక పక్క అంత బరువు తేడా ఉంటే 100 వేగంలో అది 5 కిలోల బలంతో చక్రాన్ని సెకనుకు 15 సార్లు ఒక్కో దిక్కుకు లాగుతుంది. స్టీరింగ్ వణకడంలో వింతేమీ లేదు. వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుంది. గుంతలో పడి రిమ్ము వంగిందేమో, టైరు ఎక్కడైనా ఉబ్బిందేమో కూడా అప్పుడే చూపించుకోవాలి.

మరి మన వణుకు చక్రానిదా, ఇంజిన్‌దా? తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద 60 వేగంలో నాలుగో గేర్లో కాసేపు, అదే 60లో మూడో గేర్లో కాసేపు నడపండి. రెండుసార్లూ చక్రాలు తిరిగే లెక్క ఒకటే, ఇంజిన్ తిరిగే లెక్క వేరు. గేరు మార్చినా వణుకు మారకపోతే అనుమానం చక్రాల మీద పెట్టుకోండి. గేరుతో పాటు వణుకు మారితే, లేదా కాలు ఒత్తిడితో పెరిగి తగ్గుతుంటే ఇంజిన్ వైపు చూడాలి. ఇంకొకటి: బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను 3,000 చక్కర్ల దాకా లేపి చూడండి. నిలబడ్డ బండి కూడా వణికితే చక్రాల ప్రసక్తే లేదు.

ఈ రెంటి మధ్యా ఇంకో మూడు కారణాలు దాక్కుంటాయి. మొదటి గేర్లో కదిలేటప్పుడు మాత్రమే గడగడా ఊగి, కదిలాక మామూలైతే అది క్లచ్ ప్లేటు. తొక్కగానే, వదలగానే దబ్‌మని ఒక దెబ్బ వినిపించి వణుకు వస్తే ఇంజిన్ మౌంటింగులు చూపించండి. మౌంటింగులంటే ఇంజిన్ బరువు మోసే రబ్బరు దిమ్మెలు, రబ్బరు చిరిగితే ఇంజిన్ తన చోట ఊగుతుంది. 40 నుంచి 80 మధ్య తొక్కినప్పుడే వణికి, ఇంజిన్ మోత మాత్రం శుభ్రంగా ఉంటే యాక్సిల్ లోపలి జాయింట్ అరిగి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదైనా అయితే ప్లగ్గులు మార్చి లాభం లేదు.

ఇవేవీ కాదని తేలితే మిగిలేది మిస్ ఫైర్. ఇంజిన్‌లో ఏదో ఒక సిలిండర్ తన వంతు వచ్చినప్పుడు మండకుండా ఊరుకోవడాన్నే మెకానిక్‌లు మిస్ అవడం అంటారు. తొక్కినప్పుడు వణికే పెట్రోల్ కార్లలో ఎక్కువగా బయటపడేది ఇదే కనుక ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం.

ప్రతి సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. మీటరు 3,000 చూపిస్తుంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 1,500 సార్లు, సెకనుకు 25 సార్లు మండాలి. ఆల్టో, క్విడ్, టియాగో లాంటి మూడు సిలిండర్ల కార్లలో ఒకటి పూర్తిగా పడిపోతే బలంలో మూడో వంతు పోయినట్టే. నాలుగు సిలిండర్లుంటే పావు వంతు. అందుకే ఒకే జబ్బుకు చిన్న కారు ఎక్కువ ఊగుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే 800 దగ్గర, మిస్ అయ్యే సిలిండర్ సెకనుకు ఆరేడు దెబ్బలు కొడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు మూడు సిలిండర్ల ఇంజిన్ సన్నగా అదరడం దాని సహజ లక్షణం, దానికి కంగారు పడొద్దు. పూర్తిగా పడిపోకుండా పదింటికి ఒకటి చొప్పున తప్పితే 3,000 దగ్గర సెకనుకు రెండు మూడు కుదుపులు వస్తాయి. మనం "కొడ్తున్నది" అనేది సాధారణంగా దీన్నే.

బండి ఆగి ఉన్నప్పుడు చక్కగా తిరిగే ఇంజిన్ తొక్కితేనే ఎందుకు మిస్ అవుతుంది? చాలామందికి అర్థం కానిదీ, అందువల్లే తప్పుడు పార్టు కొనిపించేదీ ఈ ప్రశ్నే. ఎక్సలరేటర్ తొక్కితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువగా వెళ్తుంది. ఎక్కువ గాలిని అదే జాగాలో అదిమితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ ప్లగ్గు కొసల మధ్య నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది, దానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ 20 నుంచి 30 వేల వోల్టులకు పెంచుతుంది. ఇంట్లో గోడ ప్లగ్గులో ఉండే 230 వోల్టులకు ఇది వంద రెట్లు. బలం తగ్గిన కాయిల్, అరిగిన ప్లగ్గు ఖాళీ ఇంజిన్‌ను నెట్టుకొస్తాయి. బరువు పడేసరికి చేతులెత్తేస్తాయి. అందుకే షెడ్డులో బోనెట్ ఎత్తి రేజ్ చేస్తే అంతా బాగుంటుంది, నలుగురిని ఎక్కించుకుని దేవరకొండ దారిలో చడావు ఎక్కేటప్పుడు మళ్లీ కొడుతుంది.

ప్లగ్గు అరగడమంటే ఏమిటో చేతిలోకి తీసుకుని చూడాలి. కొసన రెండు లోహపు ముక్కలుంటాయి, వాటి మధ్య సందు కారును బట్టి 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్లు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డును పక్కన పెట్టి కంటితో పోల్చండి. సందు కార్డు కంటే కాస్త ఎక్కువగా కనిపిస్తే సరే. రెండు కార్డులంత వెడల్పు అయిందంటే ఆ ప్లగ్గు పని అయిపోయింది. సందులో కార్డు దూర్చి చూడొద్దు, ముఖ్యంగా ఇరిడియం ప్లగ్గుల కొస సూది మొనలా ఉంటుంది, విరుగుతుంది. మామూలు ప్లగ్గు 30,000 కిలోమీటర్లు నడిచేలోపు దాదాపు 4 కోట్ల సార్లు నిప్పు కొడుతుంది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ జనం మూడున్నర కోట్లు. మనిషికొక రవ్వ పంచినా ఇంకా మిగులుతాయి. ప్రతి రవ్వకూ కంటికి కనపడనంత లోహం ఊడిపోతుంది. మామూలు ప్లగ్గు ఒక్కోటి ఒకటి రెండు వందల రూపాయలే కనుక, మార్చి 30, 40 వేల కిలోమీటర్లు దాటి ఉంటే ఆలోచించకుండా మార్పించేయొచ్చు. ఇరిడియం ఖరీదు ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువే, 80 వేల నుంచి లక్ష దాకా వస్తుంది.

పాత ప్లగ్గులను మాత్రం పారేయనివ్వకండి. ఏది ఏ సిలిండర్‌దో గుర్తుండేలా వరుసగా గుడ్డ మీద పెట్టించి రంగు చూడండి. కాఫీపొడి రంగులో పొడిగా ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. పెట్రోల్ వాసనతో తడిగా ఉంటే నిప్పు రాలేదు. సున్నం రాసినట్టు తెల్లగా ఉంటే పెట్రోల్ చాలడం లేదు, వేడి ఎక్కువవుతోంది. ఆయిల్ జిడ్డు కనిపిస్తే రింగులో వాల్వు సీళ్లో అరిగాయి, ఆ బండికి కొత్త ప్లగ్గు వేసినా కొన్నాళ్లకు మళ్లీ ఇదే. మూడు ప్లగ్గులు ఒక రంగులో ఉండి ఒకటే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌లోనే ఉంది. అన్నీ ఒకేలా తేడాగా ఉంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉండే గాలి, పెట్రోల్, సెన్సర్ల వైపు చూడాలి. నేనైతే ఈ రంగుల వరుసను ఏ ఖరీదైన పరీక్ష కన్నా ముందు అడుగుతాను.

బిగించేటప్పుడు ప్లగ్గును ముందు చేత్తో తిప్పాలి, మర సాఫీగా ఎక్కాకే పానా పెట్టాలి. సాధారణంగా 20 న్యూటన్ మీటర్లు చాలు. 20 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బలం పెడితే అంతే. దానికి రెండింతలు బిగిస్తే అల్యూమినియం హెడ్‌లో మర పోతుంది. అప్పుడు నూట యాభై రూపాయల పని హెడ్ విప్పే దాకా వెళ్తుంది.

ప్లగ్గులు బాగానే ఉంటే కాయిల్ వంతు. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, బోనెట్ కింద వేడి దానికన్నా చాలా ఎక్కువ. ఆ వేడికి కాయిల్ లోపలి తొడుగులో సన్నని పగుళ్లు వస్తాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, గంట ప్రయాణం తర్వాత కొట్టడం మొదలుపెడితే అనుమానం కాయిల్ మీదే. కాయిల్ కింది రబ్బరు గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూస్తే కరెంటు దారి తప్పి పాకిన చోట పెన్సిల్ గీతలాంటి సన్నని చార కనిపిస్తుంది.

ఇక్కడ స్కానర్ పనికొస్తుంది. 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్ తను గమనించిన లోపాలను అంకెల రూపంలో రాసి పెట్టుకుంటుంది, స్కానర్ వాటిని చదువుతుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అయింది. పీ0302 అంటే రెండోది. పీ0300 అంటే ఏదో ఒకటని కాకుండా మారి మారి మిస్ అవుతున్నాయి. పీ0171 అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదు. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిసే చిన్న స్కానర్లు వెయ్యి రూపాయలు అటూ ఇటూగా దొరుకుతాయి. ఊరికి దూరంగా ఉండేవాళ్లకు మంచి కొనుగోలే.

కానీ కోడ్ పేరు చెబుతుంది, కారణం చెప్పదు. పీ0302 వచ్చిందని రెండో కాయిల్ కొనేయకండి. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాని కాయిల్ రెండోదానికి పెట్టించండి. కోడ్ తుడిపించి, బండి కొట్టిన చోటే మళ్లీ నడపండి. ఈసారి పీ0303 వస్తే జబ్బు కాయిల్‌తో పాటు కదిలిందన్నమాట, కాయిల్ కొనొచ్చు. మళ్లీ పీ0302నే వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గును అట్లాగే మార్చి చూడాలి, తర్వాత ఇంజెక్టర్‌ను. అప్పటికీ అదే సిలిండర్ అంటే కంప్రెషన్ కొలిపించాలి, అంటే పిస్టన్ గాలిని ఎంత బలంగా అదుముతోందో చూడటం. పెట్రోల్ ఇంజిన్‌లో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ దాకా ఉంటుంది, కారు టైరులో మనం కొట్టించే గాలికి ఐదారు రెట్లు. సిలిండర్ల మధ్య 15 శాతానికి మించి తేడా ఉందంటే లోపల వాల్వో రింగో పోయింది. ఈ మార్పిడి పరీక్షకు కొత్త పార్టు ఒక్కటీ అక్కర్లేదు, అరగంట పని.

"చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఇల్లు చేరేదాకా నడపొచ్చా?" లైటు నిలకడగా వెలుగుతుంటే, బండి మరీ కొట్టకుంటే, నెమ్మదిగా షెడ్డు దాకా వెళ్లొచ్చు. లైటు ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం కాలు తీసేయండి, పక్కకు ఆపండి. ఎందుకో లెక్క చూద్దాం. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. లీటరుకు 18 ఇచ్చే కారు ఐదున్నర లీటర్లు తాగుతుంది. నాలుగింట ఒక సిలిండర్ మండకపోతే దాని వాటా సుమారు 1.4 లీటర్లు మండకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన 150 రూపాయల పెట్రోల్. పోయేది అంతేనైతే పర్వాలేదు. దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, పొగలోని విషాలను శుభ్రం చేసే తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె. మండని పెట్రోల్, దాంతో వచ్చే వాడని గాలి అందులోకి చేరి అక్కడ మండుతాయి. 1.4 లీటర్ల పెట్రోల్ వేడి దాదాపు కిలో వంట గ్యాస్ వేడికి సమానం. గ్యాస్ సిలిండర్ నలభై రోజులు వచ్చే ఇంట్లో మూడు రోజుల వంట మంట అది. చెంబంత దిమ్మెలో రెండు గంటల్లో అంతా మండితే పింగాణీ కరిగి దారి మూసుకుపోతుంది. కొత్త కన్వర్టర్ ఖరీదు పదివేలల్లో ఉంటుంది. కొన్ని కార్లు ప్రమాదం పసిగట్టి ఆ సిలిండర్‌కు పెట్రోల్ ఆపేస్తాయి, కానీ దాన్ని నమ్ముకుని నడపకూడదు.

నిప్పు సరిగానే ఉంటే పెట్రోల్ చాలకపోవడం తర్వాతి అనుమానం. బండి ఆగి ఉన్నప్పుడు ఊరికే తిరిగే చిన్న ఇంజిన్‌కు గంటకు ముప్పావు లీటరు చాలు. చడావులో గట్టిగా తొక్కితే గంటకు పన్నెండు లీటర్ల వేగంతో కావాలి. పదహారు రెట్లు. సగం పూడుకున్న ఫిల్టర్, బలహీనమైన పంపు మొదటి అవసరాన్ని తీరుస్తాయి, రెండోదాన్ని తీర్చలేవు. చాలా కార్లలో పంపు ఒత్తిడి 3 నుంచి 4 బార్ మధ్య ఉండాలి. గేజ్ పెట్టి, తొక్కినప్పుడు అది పడిపోతోందేమో చూడమనండి. పంపు మార్చేముందు ఈ కొలత అడగడం మన హక్కు.

ఇక ఈమధ్య ప్రతి షెడ్డులోనూ వినిపించే అనుమానం: "పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, దానివల్లేనా?" దేశంలో 2022 జూన్ నాటికి కలిపేది 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే బంకుల్లో మనకు దొరికేది ఇదే. 35 లీటర్ల ట్యాంకు నింపితే 7 లీటర్లు ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. ఆ లెక్కన మొత్తం మీద 6, 7 శాతం తగ్గాలి. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం, 10 శాతానికి తయారై 20కి సరిచేసిన వాటికి 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గుతుందని చెప్పింది. లీటరుకు 18 ఇచ్చే పాత కారు 17 ఇవ్వొచ్చు. అది మైలేజీ నష్టం, వణుకు కాదు. ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే కంప్యూటర్ పెట్రోల్‌ను కొంచెం పెంచి సర్దుకుంటుంది.

అయితే రెండు సందర్భాల్లో ఇథనాల్‌కూ వణుకుకూ సంబంధం ఉంటుంది. పాత కార్ల ట్యాంకుల్లో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని ఇథనాల్ కదిలిస్తుంది, ఆ మడ్డి ఫిల్టర్‌కు చేరుతుంది. రెండోది నీళ్లు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పిల్లలు పట్నంలో ఉండి పండక్కి తప్ప బయటికి తీయని కారులో నెలల తరబడి పావు ట్యాంకు పెట్రోల్ నిలవ ఉంటే, నీళ్లు ఒక హద్దు దాటాక ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగిపోతాయి. పంపు పీల్చేది అడుగునుంచే. అట్లాంటి బండి సంక్రాంతికి స్టార్ట్ చేయగానే కొడితే ముందు ట్యాంకు ఖాళీ చేయించండి. బంకులో పోయించుకున్న మర్నాడే మొదలైతే రశీదు దాచి, అదే బంకులో సాంద్రత పరీక్ష అడగండి. 720 నుంచి 775 మధ్య ఉండాలి. ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు కూడా వినియోగదారుడికి ఉంది.

గాలి సంగతి మన నేలకు బాగా వర్తిస్తుంది. లీటరు పెట్రోల్ మండటానికి దాదాపు 11 కిలోల గాలి కావాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి మొత్తం మూడు లీటర్ల పెట్రోల్‌కు మాత్రమే సరిపోతుంది. నల్లగొండ నుంచి హైదరాబాద్ చేరేసరికి కారు దాదాపు రెండు గదుల గాలిని ఒక కాగితపు ఫిల్టర్ గుండా పీల్చేస్తుంది. పత్తి ఏరే కాలంలో జిన్నింగ్ మిల్లుల దారుల్లో తిరిగే కారు ఫిల్టర్ తీసి చూడండి, మడతల మధ్య నూగు దూదిపింజల్లా పేరుకుని ఉంటుంది. మిర్యాలగూడ వైపు కోతల కాలంలో వడ్ల దుమ్ము, పొట్టు. కంపెనీ పుస్తకంలో రాసిన గడువు చూసుకుంటూ కూర్చోకుండా ప్రతి కోతల కాలం తర్వాత ఒకసారి తెరిచి చూడటం మంచిది. ఒక విషయం మాత్రం సూటిగా చెప్పాలి: ఫిల్టర్ మూసుకుంటే ముందు పికప్ తగ్గుతుంది, వణుకు రావాలంటే బాగా మూసుకుపోవాలి. కాబట్టి ఫిల్టర్ మార్చగానే అంతా పోతుందని ఆశ పెట్టుకోకండి. ఫిల్టర్ తర్వాత గొట్టాల్లో పగులుంటే కథ తిరగబడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఎక్కువ వణికి, తొక్కితే తగ్గుతుంది.

ఎలుకల్ని మరిచిపోకూడదు. గడ్డివాము పక్కనో ధాన్యం బస్తాలున్న కొట్టం పక్కనో పెట్టే కారులో ఇంజెక్టర్ వైర్లు, కాయిల్ వైర్లు కొరికేయడం మామూలు సంగతి. వైరు పూర్తిగా తెగకుండా రెండు పోగుల మీద వేలాడుతుంటే బండి కదిలినప్పుడు కరెంటు తగులుతూ పోతూ ఉంటుంది. ఏ స్కానరూ ఎలుక పేరు చెప్పదు. టార్చి వేసి బోనెట్ కింద వైర్ల తొడుగులు ఒకసారి కంటితో వెతకండి, పక్కన పెంటికలు కనిపిస్తాయి.

నల్లగొండ బోరు నీళ్లు మనుషుల ఎముకలకు చేసిన కీడు లోకానికి తెలుసు. అది ఫ్లోరైడ్ పని. చాలా బోర్లలో దానికి తోడు సున్నం, లవణాలు కూడా ఎక్కువే, ఇవి రేడియేటర్‌కు శత్రువులు. కూలెంట్ తగ్గిందని చెంబుతో బోరు నీళ్లు పోస్తుంటే సన్నని గొట్టాల్లో పొర కట్టి, ఇంజిన్ వేడెక్కుతుంది. ఒకటి రెండుసార్లు బాగా వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ లీకవుతుంది, రాత్రంతా కూలెంట్ బొట్టు బొట్టుగా సిలిండర్‌లోకి దిగుతుంది. దాని గుర్తులు వేరు: పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి నిమిషం వణుకు, తియ్యని వాసనతో తెల్ల పొగ, ఎక్కడా కారిన మరక లేకుండానే తగ్గే కూలెంట్. దీనికి ప్లగ్గులు మార్చడం దండగ. లీటరు కూలెంట్ రెండు మూడు వందలు, గ్యాస్కెట్ పని దానికి ఎన్నో పదుల రెట్లు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు, లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటి ఒత్తిడిలో ఉంటాయి.

డీజిల్ కారు అయితే పైన చెప్పిన నిప్పు కథంతా పక్కన పెట్టండి, అందులో స్పార్క్ ప్లగ్గులే ఉండవు. మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు ఆపేసింది. టాక్సీ స్టాండ్లలో కనిపించే డిజైర్ డీజిళ్లన్నీ వయసు మీద పడ్డవే, వాటిలో ఇంజెక్టర్ల బాధ ఎక్కువ. కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ 1,600 బార్ దాకా ఒత్తిడితో వెళ్తుంది. టైరు గాలికి ఏడు వందల రెట్లు. అంత ఒత్తిడిలో చిన్న నీటి బొట్టు కూడా ఇంజెక్టర్‌ను దెబ్బతీస్తుంది. అందుకే ఫిల్టర్ అడుగున చేరే నీళ్లను తీయించడం, గడువుకు ఫిల్టర్ మార్చడం తప్పనిసరి. ఇంజెక్టర్ పోయిందని మెకానిక్ అంటే సీసాల పరీక్ష అడగండి. ఒక్కో ఇంజెక్టర్ వాడకుండా వెనక్కి పంపే డీజిల్‌ను నాలుగు చిన్న సీసాల్లోకి మళ్లించి కొన్ని నిమిషాలు ఇంజిన్ నడుపుతారు. మూడు సీసాలు సమంగా ఉండి ఒకటి పొంగుతుంటే ఆ ఒక్క ఇంజెక్టరే పోయింది, నాలుగూ మార్చాల్సిన పని లేదు. తొక్కితే నల్ల పొగ, ఉస్సుమనే శబ్దం, పికప్ లేకపోవడం కలిసి వస్తే టర్బో గొట్టం పగిలిందేమో చూడండి.

శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు తర్వాత దోమలపెంట దాకా నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలు ఆపేస్తారు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. ఆపైన ఘాట్ మలుపులు రెండో గేర్లో, నిండు బరువుతో ఎక్కాలి. బలహీనమైన కాయిల్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష మన చుట్టుపక్కల లేదు. కల్వకుర్తి దాకా వచ్చేసరికే బండి కొద్దిగా కొడుతుంటే అక్కడే చూపించుకోండి.

పని అయ్యాక పాత పార్టులు అడిగి తీసుకోండి, పెట్టెతో సహా కొత్తవాటి బిల్లు కూడా. కోడ్ తుడిచేస్తే డాష్‌బోర్డు లైటు ఎట్లాగూ ఆరిపోతుంది, అది రిపేరుకు రుజువు కాదు. ట్రయల్ కూడా షెడ్డు ముందు రోడ్డు మీద కాదు. మొదట ఎప్పుడు కొట్టిందో అట్లాగే నడపాలి: అదే గేరు, అదే వేడి, అంతే మంది. ఎండపూట మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల మీదుగా షాద్‌నగర్ దాకా పోయి వచ్చి, మళ్లీ ఒకసారి స్కానర్ పెట్టించండి. పాత కోడ్ తిరిగి వచ్చి ఉంటే ఆ అంకె రాసుకుని, బిల్లు తీసుకుని అదే షెడ్డుకు వెళ్లి, మార్చిన పార్టు నుంచి కాకుండా మార్పిడి పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టమనండి.